చెప్పకుండా పోవాలట

"దసరా సెలవులు అయిపోయేదాక జూస్త. అప్పటికి నోరు మూయకపోతే నీ కుక్కను ఆటోల ఏసి భిక్నూర్ దాబాల కాడ ఇడిసిపెట్టిస్త. గంతే!" అన్నాడు సంతోష్.

కామారెడ్డిలో రైల్వే గేటు దగ్గర ఒక వాకిట్లో కిరాయి గదులున్నాయి. ఒకదాంట్లో సంతోష్. పక్కదాంట్లో ఈరవ్వ, బడిలో మధ్యాహ్న భోజనం వండే మనిషి. ఆమె తలుపేసి వెళ్లగానే ఆమె కుక్క బుడ్డి ఊళ మొదలుపెడుతుంది. తలుపు గీకుతుంది, చెప్పులు చింపుతుంది. కుక్క ఏడిస్తే ఇంటికి చెడట! సంతోష్ సౌండు డబ్బాలో పాటలు పొద్దంతా గోడలదరగొడితే మాత్రం ఎవరికీ ఏ చెడూ రాదు.

కొట్టమన్నారు. కట్టెయ్యమన్నారు. అదెందుకు ఏడుస్తుందని ఒక్కరన్నా అడిగారా?

అడిగినవాడు ఎల్లారెడ్డి పశువుల దవాఖానలో పనిచేసే ప్రవీణ్. ఈరవ్వ పుట్టినూరి పిల్లాడు.

"పోయేటప్పుడు ఏం జేస్తవ్ అత్తా?"

"ఏం జేస్త? తల నిమిరి, పోయొస్త బిడ్డా అని మూడుమార్లు చెప్తా."

"గదే తప్పు. నువ్వు గంత చెప్పంగనే దానికి గుండె జారుతది. చెప్పకు, ముట్టకు. నిమిషం బయట నిలబడి లోపలికి రా. ఎన్కసిరి రెండు నిమిషాలు, ఐదు, పది. పోయినామె వస్తదని అది నమ్మాలె."

"చెప్పకుండ పోవుడేంది అల్లుడా? గట్ల పోయేది సచ్చినోళ్లే గద!"

"గా శాస్త్రం కుక్కకు ఎర్కనా?"

సెలవులన్నీ ఈరవ్వ గడప దాటడం, తిరిగి రావడం. గదులు కిరాయికిచ్చిన ఇంటామె కమలవ్వ మండిపడింది. "బయలెల్లి ఎన్కకొస్తే అరిష్టమే! రోజుకు ముప్పైసార్లు గీ తిరుగుడేంది?"

"అరిష్టం నాకైతది లే అవ్వా, నీకు గాదు."

ఊళ పెడితే అరిష్టం, మాన్పిస్తే అరిష్టం! పేదదాని కుక్క ఏం చేస్తే శుభం?

బడి తెరిచారు. ఈరవ్వ బుడ్డికి రొట్టె వేసి, పెదవి కదపకుండా తలుపేసి, వాకిలి గేటు బయట నిలబడింది. సంతోష్ పిలిపించిన ఆటో అక్కడే ఉంది. కమలవ్వ వాకిలి ఊడుస్తోంది. పావుగంటైంది. లోపల చప్పుడే లేదు.

సంతోష్‌కు అది నచ్చలేదు. వెళ్లి ఈరవ్వ తలుపును కాలితో తన్నాడు. బుడ్డి మొరిగింది.

"అగో! నేను చెప్పలే?"

ఈరవ్వకు ఒళ్లంతా మండింది. కానీ నోరు తెరిస్తే బుడ్డికి గొంతు వినబడుతుంది, పడ్డ పాట్లన్నీ మట్టిలో కలుస్తాయి. కొంగు నోట్లో కుక్కుకుంది. కోపంతో కళ్లు కారాయి.

కమలవ్వ చీపురు విసిరికొట్టింది. "నీ తలుపు ఎవడన్న తంతే సప్పుడు జేయక కూసుంటవారా? అది ఏడ్వలే, మొరిగింది. కుక్క మొరగక నువ్వు మొరుగుతవా? ఆటోను వాపస్ పంపు."

"నువ్వు గూడ దాని దిక్కేనా అవ్వా?"

"పంపుతవా, నువ్వే ఎక్కుతవా?"

ఆటో వెళ్లిపోయింది. లోపల బుడ్డి ఇంకోసారి మొరిగి ఊరుకుంది.

ఈరవ్వ మాట్లాడకుండా నడిచింది. రైల్వే గేటు దాటి, బుడ్డి చెవికి అందనంత దూరం పోయాక ఫోను తీసి సంతోష్‌కు కొట్టింది.

"ఒరే సంతోషూ, ఇప్పుడిను..."

వాడు మధ్యలో పెట్టేశాడు. ఆమె మళ్లీ చేసింది. బడి గేటు వచ్చేదాకా తిడుతూనే నడిచింది.