బొల్లి ఎముకలో ఓ గీత ఎక్కువ

ఈరప్పకు కోపం రావడానికి పెద్ద కారణాలు అక్కర్లేదు. ఈసారి మాత్రం కారణం పెద్దదే. కూతురు సుమలత పెనుకొండలో రైలు దిగి, రొద్దం దగ్గరి తమ ఊరికి వచ్చీ రాగానే, కాళ్లైనా కడుక్కోకుండా, బొల్లిని తవ్వి తీస్తానంది.

బొల్లి మందకు ముందు నడిచిన గొర్రె. తల్లి లేని పిల్లగా ఉన్నప్పుడు ఈరప్ప భార్య శంకరమ్మ సీసాతో పాలు పట్టి పెంచింది. ముసలివాటిని హిందూపురం సంతకు తోలేసే ఈరప్ప దీన్ని అమ్మలేదు, కోయనీయలేదు. నిరుడు చచ్చిపోతే పసుపు కుంకుమ పెట్టి చేని గట్టున పూడ్చాడు.

"తొడెముక ఒకటి సాలు నాయనా," అంది సుమలత.

హైదరాబాదులో ఆమె చదువంతా రాయిగా మారిన ఎముకల మీదే. ఇప్పుడు ఆమె చూస్తున్నది ఇరవై కోట్ల ఏళ్ల కిందటి జంతువు, పాలిచ్చే జీవాలన్నిటికీ పూర్వీకుల వంశంలోనిది. దాని ఎముకను కాగితమంత పల్చగా అరగదీసి చూస్తే, పెరుగుదల ఆగిన ప్రతి కాలమూ, మామూలుగా ఏడాదికొకటి, ఒక్కో గీతగా కనబడుతుంది. ఒక గీత దగ్గర ఆమెకు చిక్కొచ్చింది. అది ఇంకో ఏడు గడిచినట్టా, ఏడు నడుమ కష్టమొచ్చినట్టా? పుట్టిన దినం నుంచీ బతుకంతా తెలిసిన జీవం ఎముక దొరికితే పోల్చి చూడొచ్చు. అలాంటి జీవం ఆమెకు తెలిసి ఒక్కటే.

"పనయినంక మల్లా తెచ్చి ఈడనే పూడ్చల్ల," అన్నాడు ఈరప్ప.

ఒప్పుకున్నాడంటే కారణముంది. పదకొండేళ్లుగా కూతురు ఏమీ అడగలేదు. శంకరమ్మ పోయినప్పుడు ఆ పిల్ల ధర్మవరం హాస్టల్లో చదువుతోంది. మూడో నాడే తండ్రి మంద తోలుకుపోవడం చూసి, "నీది గుండేనా నాయనా?" అంది. అప్పటి నుంచి వాళ్ల మాటలు తిన్నావా, దుడ్లున్నాయా అన్నంతవరకే. ఆ ఒక్క మాట ఈరప్పను లోపల్లోపల తినేసింది.

రెండు నెలలకు సుమలత ఎముకను గుడ్డలో చుట్టి తెచ్చింది. ఫోన్లో ఆ ఎముక గీతల ఫోటో చూపించింది.

"ఇది మొదటి ఎండాకాలం. ఇవి రెండోది, మూడోది. మొదటిదానికీ రెండోదానికీ నడుమ ఇంకోటి ఉండాది సూడు. దానికప్పుడు జబ్బు సేసిందా?"

ఈరప్ప ఎండలో ఫోనును అటూ ఇటూ తిప్పి చూశాడు. గొర్రె వయసును పళ్లతో లెక్కపెట్టే మనిషి.

"రెండు పళ్లేసినప్పుడు ఇది. జబ్బేం సేయల్యా."

"వానలు పడలేదా మరి?"

"బాగా పడె. మేత మోకాలెత్తు ఉండె." ఫోను దించాడు. "మీయమ్మ పోయిన ఏడు."

ఈరప్ప ఫోను ఆమె చేతిలో పెట్టేశాడు.

"మంద తోలుకపోతి గానీ మేపలేదు పాపా. ఇంట్లో ఉండలేక పోతి. గుట్ట కింద రాళ్లల్లో కూసుంటి, పొద్దు గుంకేదాంకా. రెండు నెల్లు అదే పని. మిగతావి తప్పించుకోని పోయి మేసె. ఇది మాత్రం నన్నిడ్సి కదలల్యా. ఎముకలు తేలె దానికి."

"నాకెందుకు సెప్పలేదు?"

"ఎట్ల సెప్పల్ల? బిడ్డ దగ్గర ఏడ్సేది రాకపాయ."

సుమలతకు ఏడుపు ఆగలేదు. తండ్రి చేయి పట్టుకుంది. పదకొండేళ్ల కిందట అన్న మాటను వెనక్కి తీసుకునే దారి తెలియక, ఆ చేతినే పట్టుకుని కూర్చుంది.

సాయంత్రం ఇద్దరూ కలిసి ఎముకను పూడ్చారు. మన్ను కప్పుతూ ఈరప్ప అడిగాడు.

"నీ రాతి జీవానికీ ఇట్లాంటి గీతుండాదంటివే. దానికెవరు పోయిండిరో?"

"అది తెలీదు నాయనా. కష్టమొచ్చిందని మాత్రం తెలుస్తాది."

"తట్టుకునిందా?"

"ఆ. గీత దాటినంక మల్లా పెరిగింది."

ఈరప్ప తల ఊపి, మన్ను అదిమి, లేచాడు. "రా, అన్నం తిందాం," అన్నాడు.