రోడ్డుకి అడ్డంగా చెప్పుల డబ్బా

తాతగారు ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఊళ్ళు గీశారు. ఏ వీధి ఎటు పోవాలో, పార్కు ఎక్కడ రావాలో కాగితం మీద తేల్చే అధికారి. గీసినవాటిలో ఒక్కటీ గీసినట్టు లేవలేదు, అది వేరే సంగతి. పార్కని పచ్చరంగు వేసినచోట నాలుగంతస్తుల బట్టలకొట్టు వెలిసింది. వెడల్పుగా గీసిన రోడ్డు మీద స్కూటరొస్తే ఎదురొచ్చే మనిషి గోడకి అతుక్కుపోవాల్సిందే. ప్రతిసారీ పైనుంచి ఒక ఫోను వచ్చేది, ఈయన నోరు మూసుకుని గీత జరిపేవారు. ఆ కడుపుమంట రిటైరయ్యాక కూడా చల్లారలేదు.

ఇప్పుడాయన ఉద్యోగం మనవరాలిని చూసుకోవడం. నాలుగేళ్ళది. పెట్టిన పేరేదైనా ఇంట్లో అందరికీ పిడుగే. పగలంతా వీళ్ళిద్దరే. సాయంత్రం కూతురు ఆఫీసు నుంచి వచ్చేసరికి తాత కుర్చీలో కునికిపాట్లు పడుతూ, పిడుగు టీవీకి కళ్ళప్పగించి కనబడేవారు. ఒకరోజు కూతురికి ఒళ్ళు మండింది.

"నాన్నా, ఈ వారం చూస్తాను. ఇలాగే టీవీ ముందు పడేస్తే సోమవారం నుంచి దాన్ని క్రెష్‌లో వేసేస్తా."

తాతకి కునుకు కాస్తా ఎగిరిపోయింది. పిడుగు లేని పగలంటే ఆయనా గోడగడియారమూ ఒకరి మొహం ఒకరు చూసుకోవడమే. కూతురికి జాలేసింది కాబోలు, ఫోను తీసి చూపించింది. ఎవరో ఖాళీ డబ్బాలతో, సీసా మూతలతో చిన్న చిన్న ఊళ్ళు చేసిపెడుతున్నారు. పిల్లలు వాటి చుట్టూ చేరి లోకం మరిచిపోయి ఆడుకుంటున్నారు.

"ఇలాంటిదేదైనా చేసిపెట్టు."

"ఊరు కట్టడం నాకు నేర్పుతున్నావా!" అన్నారు తాత.

మర్నాడే అటక మీదున్న ఫ్రిజ్ అట్టపెట్టె దింపి, విప్పి, హాల్లో నేలమీద పరిచారు. టూత్‌పేస్టు డబ్బాలు దుకాణాలయ్యాయి. గుడ్ల అట్టలు కొండలయ్యాయి. నీలం రంగు కవరు చెరువైంది. సబ్బుపెట్టెకి నాలుగు మూతలు తగిలిస్తే బస్సు తయారు. పిడుగు ఎగురుకుంటూ వచ్చి చెరువులో తన బాతుని వెయ్యబోయింది.

"ముట్టుకోకు! గమ్ ఆరలేదు."

గమ్ ఆరాక మళ్ళీ వచ్చింది.

"ముట్టుకోకు! రోడ్లు వెయ్యలేదు."

రోడ్లు వేశాక వీధిదీపాలు పడిపోతాయన్నారు. పిడుగు మూతి ముడుచుకుని వెళ్ళి టీవీ పెట్టుకుంది. పోనీలే, చెయ్యి అడ్డం రాకుండా ఉంటుందని తాత కూడా ఊరుకున్నారు. టీవీ మాన్పించడానికి మొదలెట్టిన ఊరు పూర్తవ్వాలంటే పిల్లకి టీవీయే దిక్కయింది. ఆయన మాత్రం స్కేలు పట్టుకుని నేలమీద బోర్లా పడుకుని, పార్కు చుట్టూ ఐస్‌క్రీమ్ పుల్లల కంచె బిగిస్తూ, ఇక ఏ మొనగాడు కాజేస్తాడో చూస్తానని గొణుక్కుంటున్నారు.

శుక్రవారానికి ఊరు పూర్తయింది. ముద్దొచ్చేలా ఉంది. పెద్దరోడ్డు ఈ చివర నుంచి ఆ చివరకి ఎక్కడా వంకర లేకుండా సాగింది. ఊళ్ళో మనిషన్నవాడు మాత్రం లేడు. ఆ సంగతి ఆయనకి తట్టలేదు. ఉద్యోగంలోనూ మనుషుల్ని గీసిన అలవాటు లేదు మరి.

ఆ మధ్యాహ్నం కరెంటు పోయింది. టీవీ ఆరిపోయేసరికి ఏం తోచక పిడుగు లోపలికెళ్ళి ఒక చెప్పుల డబ్బా మోసుకొచ్చింది. తెచ్చి తిన్నగా పెద్దరోడ్డు నడిమధ్య పెట్టింది.

తాత ప్రాణం గిలగిల్లాడింది. "అది రోడ్డమ్మా! అక్కడ ఇల్లు కట్టకూడదు."

"ఎందుకు?"

"బస్సు ఎలా పోతుంది?"

"పోదు. ఆగుతుంది."

"ఎందుకాగుతుంది?"

"తాత ఎక్కాలిగా!"

తాత వంగి డబ్బాలోకి చూశారు. లోపల దూదిపరుపు మీద బట్టలకి పెట్టే క్లిప్పు ఒకటి పడుకునుంది. దాని రెండు కాళ్ళకీ రబ్బరుబ్యాండ్లు చుట్టి ఉన్నాయి. ఆయన తన మోకాళ్ళకున్న పట్టీలకేసి చూసుకున్నారు.

"తాతకి నడిస్తే నొప్పి," అంది పిడుగు, ఇంత చిన్న విషయం కూడా తెలీదా అన్నట్టు. "అందుకని బస్సు ఇంటిదగ్గరికే వస్తుంది."

ఇన్నేళ్ళలో ఆయన గీసిన ఏ ఊళ్ళోనూ ఆయనకి ఇల్లు రాలేదు. కాసేపు స్కేలు అటూ ఇటూ తిప్పారు. తర్వాత దాన్ని పక్కన పడేసి, అతికించిన రోడ్డు అంచు పట్టుకుని పర్రుమని పీకేశారు. పిడుగు చప్పట్లు కొట్టింది.

సాయంత్రం కూతురు తలుపు తీసేసరికి కరెంటు ఎప్పుడో వచ్చేసింది. టీవీ ఊసే ఎవరికీ లేదు. రోడ్డు చెప్పుల డబ్బా గుమ్మం తాకి, మెలికలు తిరిగి, పార్కు మధ్యలోంచి పోయి చెరువులో పడింది. దుకాణాల మీద బాతు కూర్చునుంది.

"అయ్యో నాన్నా, నిన్నటిదాకా ఎంత బాగుంది! ఇలా పాడుచేశావేంటి?"

"రోడ్డు మళ్ళించాల్సొచ్చిందమ్మా."

"ఎవరు మళ్ళించమన్నారు?"

"పైనుంచి ఫోనొచ్చింది."

పిడుగు తల తిప్పలేదు. ఖాళీ అగ్గిపెట్టె చెవికి ఆనించుకుని, "హలో! కొండ కూడా జరపాలి," అంది.

"అలాగే మేడమ్," అని తాత గమ్ సీసా అందుకున్నారు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆ మాట అంత హాయిగా ఆయన నోట రాలేదు.

గుమ్మం నుంచి లోపలికి అడుగు పెట్టే చోటు లేదు. "నేనెటు నుంచి రావాలే?" అంది కూతురు.

"ఆగమ్మా, బస్సొస్తుంది," అంది పిడుగు.

కూతురు క్రెష్ సంగతి ఎత్తలేదు. చెప్పులు విడిచి, బ్యాగు భుజాన వేసుకుని, గుమ్మంలో బస్సు కోసం నిలబడింది.