మామయ్య కళ్లజోడు తీస్తే

నాకు ముక్కు మీదే కోపం. కారు డ్రైవింగ్ నేర్పే పనిలో పడ్డాక అది ఇంకాస్త ముదిరింది. కౌన్సిలర్‌గా గెలిచాకైనా తగ్గుతుందేమోనని మా అమ్మ ఆశపడింది. ఎక్కడ తగ్గుతుంది! కాలవ మీద పాత వంతెన పలకలు కుంగాయని మూసేశారు. బాగు చేయడానికి వారం చాలు. నేను అడిగితే అవతలి పార్టీ వద్దంది. అవతలి పార్టీ కుర్రాడు అడిగితే మా పార్టీ వద్దంది. వంతెన మాత్రం ఒకటే!

ఆ కుర్రాడు మోటారు మెకానిక్. పొడుగు మనిషని అందరూ నిచ్చెన అంటారు. కాలవకి అవతలి గట్టు అతని వార్డు, ఇవతలి గట్టు నాది. ఆసుపత్రి ఉన్నది అవతల. మా మామయ్య కూతురు, అంటే మా వదిన, ఉండేది ఇవతల. ఆమెకి ఎనిమిదో నెల. నొప్పులొస్తే ఊరంతా చుట్టి తీసుకెళ్లాలి.

మా పార్టీకి పెద్ద ఆ మామయ్యే. నాకు టికెట్ ఇప్పించిందీ ఆయనే. సభలో ఓటంటే లేచి నిలబడటమే. మామయ్య కళ్లజోడు తీస్తే మావాళ్లు లేస్తారు, పెట్టుకుంటే కూర్చుంటారు. చదివేదీ లేదు, వినేదీ లేదు. అవతలివాళ్లూ అంతే, వాళ్ల పెద్దాయన లేస్తే లేస్తారు.

నా కారు క్లచ్ బాగుచేస్తూ నిచ్చెన అన్నాడు, "ఇద్దరం కలిసి సంతకం పెడదామండీ."

"అప్పుడు రెండు పార్టీలూ కలిసి వద్దంటాయి!"

"ఎదురుబొదురుగా కూర్చుంటే వద్దంటారు. కలిపి కూర్చోబెడితే?"

నాకు ఒళ్లు పులకరించింది. సభలో నేల బాగుచేయడానికి బయట పెట్టిన బెంచీలు ఎలాగూ ఇంకా లోపలికి రాలేదు. ఈ సమావేశానికి కుర్చీలు వార్డు నంబరు ప్రకారం వేయించండని ఇద్దరం అధ్యక్షురాలి వెంటపడ్డాం. మా పోరు పడలేక ఆవిడ సరేనంది.

సమావేశం రోజు వరండాలో మామయ్య నన్ను ఆపాడు.

"ఎవడితో కలిసి సంతకం పెట్టావో తెలుసా?"

"వంతెన కావాల్సినవాడితో, మామయ్యా."

"వచ్చేసారి నీకు టికెట్ ఉండదు."

"ఈసారి వంతెన ఉంటే చాలు," అనేశాను.

లోపల చూడాలి ఆ సందడి! మాటల్లేని మనుషులు పక్కపక్కన కూర్చుని ఎటు చూడాలో తెలియక గోడలు చూస్తున్నారు. మామయ్యకీ అవతలి పెద్దాయనకీ పక్కపక్క వార్డులు. ఏళ్ల తరబడి పలకరింపుల్లేని ఆ ఇద్దరి మోచేతులూ తగులుతున్నాయి. నేను వాళ్ల వెనకే ఉన్నాను.

పెద్దాయన మా ఇద్దరి సంతకాలున్న వంతెన కాగితాన్ని దూరం పెట్టి, దగ్గర పెట్టి, చివరికి గొంతు సవరించుకున్నాడు. "మీ జోడు ఓసారి ఇస్తారా? నాది కార్లో మర్చిపోయాను."

ఎంత శత్రువైనా అడిగాక ఎలా కాదంటాడు? మామయ్య కళ్లజోడు తీశాడు. సరిగ్గా అప్పుడే అధ్యక్షురాలు, "వంతెనకి అనుకూలమైనవాళ్లు లేవండి," అంది.

నేనూ నిచ్చెనా లేచాం. అంతే, మెడలు సాచి మామయ్యనే చూస్తున్న మావాళ్లంతా గబగబా లేచారు! నాకు నవ్వాగలేదు.

పెద్దాయన తాపీగా చదివి తలెత్తాడు. "ఇందులో పార్టీ ఊసే లేదే! మరి దీన్నెందుకు కాదన్నాం?" అంటూ లేచాడు. ఆయన వెనకే ఆయనవాళ్లు.

కళ్లజోడు లేని మామయ్యకి అంతా మసక. "ఎవరే లేచింది?" అన్నాడు నాతో.

"అందరూ. మనవాళ్లు కూడా, మామయ్యా."

చటుక్కున కళ్లజోడు లాక్కుని పెట్టుకున్నాడు. అంటే కూర్చోమని! మా పార్టీ బట్టల కొట్టాయన మోకాళ్లు సగం వంచాడు. పక్కనున్న నిచ్చెనని చూశాడు, అతని పక్కవాళ్లని చూశాడు. మళ్లీ నిటారుగా నిలబడ్డాడు. ఇంకెవరూ కదల్లేదు. లేచింది అలవాటు కొద్దీ కావచ్చు, నిలబడింది మాత్రం వాళ్లంతట వాళ్లే. నాకు కళ్లనీళ్లు వచ్చేశాయి.

మామయ్య ఒక్కొక్కరి మొహమూ చూసుకుంటూ వచ్చాడు. చివరికి నా దగ్గర ఆగాడు.

"వదినకి ఎనిమిదో నెల, మామయ్యా," అన్నాను.

"నా కూతురి సంగతి నాకు చెప్తావా?" అని కసిరాడు. మోకాళ్ల నొప్పితో లేవబోయి తూలితే పెద్దాయన చెయ్యందించాడు. మామయ్య ఆ చెయ్యి పట్టుకునే లేచాడు.

నిచ్చెన ఈల వేశాడు. అధ్యక్షురాలు కోప్పడేలోపు నేనూ వేశాను. మామయ్య కళ్లజోడు తీసి జేబులో పెట్టేసుకున్నాడు.