పొట్టి చేతుల కుర్తాలు

త్రినాథ్ తనను కొట్టడానికి కారణం డి విటమిన్ లోపమని ఆమని చాలాకాలం నమ్మింది.

నమ్మడానికి ఆమెకు కారణాలు లేకపోలేదు. పెళ్ళైన కొత్తల్లో కాకినాడలో అతను గొంతు పెంచిన గుర్తు కూడా లేదు. విదేశంలో అత్లోన్ అనే ఊరికి వచ్చి, మందుల కంపెనీలో చేరి, నెలల తరబడి ముసురు చూశాకే మొదటి దెబ్బ పడింది. చపాతీలు చల్లారిపోయాయని పళ్ళెం గోడకేసి విసిరాడు. ఆ చేత్తోనే ఆమె చెంప పగలగొట్టాడు. ఆ వారంలోనే జీపీ డాక్టరు అతనికి రక్తపరీక్ష చేయించాడు.

"చూశావా? ఒంట్లో డి విటమిన్ అన్నదే లేదట. ఈ దిక్కుమాలిన వానకి ఎవడికైనా మతి చెడదా?" అన్నాడు త్రినాథ్. కళ్ళనీళ్ళు పెట్టుకుని మరీ అన్నాడు.

అప్పట్నుంచీ పొద్దున్నే అతని టిఫిన్ పక్కన డి విటమిన్ మాత్ర పెట్టడం ఆమనికి దేవుడి దగ్గర దీపం పెట్టినంత నియమమైపోయింది. మాత్ర వేసుకున్న రోజూ కొట్టాడు. మరిచిపోయిన రోజూ కొట్టాడు. గరిటెతో, బెల్టుతో, ఒకసారి కూతురు సాహితి స్కూలు బూటుతో. అతని అడుగుల చప్పుడు మారితే చాలు, ఆమె మేడమీది బాత్రూంలోకి పరిగెత్తి గొళ్ళెం వేసుకునేది. బొటనవేలంత ఇత్తడి గొళ్ళెం అది. అతను బయట నుంచి తన్ని, తిట్టి, అలిసిపోయి కిందకి దిగిపోయేవాడు.

చలిదేశం కావడం ఒకందుకు మేలైంది. పొడుగు చేతుల ఉన్ని జంపర్ తొడుక్కుంటే ఎవరికీ ఏమీ కనబడదు. ఆమె పనిచేసే మెడికల్ డివైస్ ప్లాంటులోనైతే తలనుంచి పాదం దాకా తెల్ల గౌనే.

అందుకే త్రినాథ్‌కి ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో ఉద్యోగం వచ్చిందనగానే ఆమని కాకినాడకు ఫోన్ చేసి అత్తగారికి చెప్పుకుని ఏడ్చింది, సంతోషంతో.

"ఆ చీకటి కొంపలో వాడి బుర్ర పాడైందే అమ్మాయ్," అంది మంగతాయారు. "నాలుగెండలు తగల్నీ. నా కొడుకు నీకు మళ్ళీ బంగారంలా దొరుకుతాడు."

ముందు అతనొక్కడే వెళ్ళాడు. స్కూలు సెలవులివ్వగానే వచ్చి తల్లీకూతుళ్ళను తీసుకెళ్ళేట్టు ఒప్పందం.

వెళ్ళిన వారానికే వీడియోలు మొదలయ్యాయి. శనివారం కాటెస్లో బీచ్, ఆదివారం స్వాన్ నదిలో నల్లటి హంసలు. ఇంకో వారం కారు అద్దెకు తీసుకుని ఊరి బయట చాలా దూరం వెళ్ళాడు. పసుపుపచ్చ ఇసుకలో మనుషులు నిలబడ్డట్టు రాళ్ళు మొలిచిన ఎడారి చూపించాడు. పడవెక్కి రాట్‌నెస్ట్ ద్వీపానికి వెళ్ళి, పిల్లి అంత ఉన్న క్వోకా అనే జంతువు పక్కన చతికిలబడి ఫోటో దిగాడు.

"మామ్, లుక్! ఇట్స్ స్మైలింగ్!" అని సాహితి సోఫా మీద ఎగిరింది. ఎగిరి, అలవాటుగా మెట్లవైపు చూసింది. అల్లరికి అరిచే మనిషి ఇంట్లో లేడని గుర్తొచ్చి మళ్ళీ ఎగిరింది.

నవ్వుతున్న మొగుణ్ణి ఆమని ఫోన్ ఆపి ఆపి చూసుకుంది. పక్కింటి జెమీమా సెలవుకి గుంటూరు వెళ్తుంటే పొట్టి చేతుల కాటన్ కుర్తాలు తెప్పించుకుంది. చేతులు కనబడే ఊళ్ళో ఏ మొగుడూ కొట్టలేడని లెక్క వేసుకుంది.

"ఇవి నీకు బాగుంటాయక్కా," అంది జెమీమా, కవరిస్తూ. ఆమె హాస్పిటల్లో నర్సు. "నిండు ఎండాకాలంలో కూడా నీ మోచెయ్యి చూసిన పాపాన పోలేదు నేను."

ఆమని నవ్వేసి, కవరు అందుకుని లోపల పెట్టింది.

ఒక శనివారం పొద్దున త్రినాథ్ వీడియో కాల్ చేశాడు. అక్కడ ఇల్లు అద్దెకు తీసుకున్నాడు. పాలు పొంగించాలి, ఇల్లాలు చూడకపోతే ఎలా అన్నాడు. ఆమని తలస్నానం చేసి, బొట్టు పెట్టుకుని ఫోన్ ముందు కూర్చుంది. కొత్త గిన్నె, దానికి పసుపూ కుంకుమా. వెనక కిటికీలో ఎండ ఫెళ్ళున కాస్తోంది.

కరెంటు పొయ్యి మీద పాలు ఎంతకీ పొంగలేదు. త్రినాథ్ వేడి పెంచాడు. మళ్ళీ పెంచాడు. ఉన్నట్టుండి, "దీనెమ్మ!" అని పిడికిలితో పొయ్యి పక్కన దభీమని గుద్దాడు. గిన్నె ఎగిరి పాలు ఒలికాయి.

అత్లోన్‌లో ఆమని రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది.

"పొంగినట్టేలే," అని అతను నవ్వేశాడు. ఫోన్ పట్టుకుని ఇల్లంతా చూపించాడు. వంటింటి అలమరలు, పెరట్లో నిమ్మచెట్టు, సాహితి గది. చివరికి బాత్రూం తలుపు దగ్గర ఆగాడు. గొళ్ళెం ఉండాల్సిన చోట నాలుగు చిల్లులున్నాయి.

"పీకేశాను. ఇక్కడ దూరి తలుపేసుకుని డ్రామాలాడే పని లేదు," అన్నాడు. సరదాగానే అన్నాడు. మొహం మీద ఎండ పడుతోంది.

ఆ ఇంటిని మాత్రం మళ్ళీ చూపించమని ఆమని అడగలేదు. అవసరం లేకపోయింది.

జూలైలో త్రినాథ్ వచ్చాడు. బాగా నల్లబడ్డాడు, భుజాలు విశాలమయ్యాయి. ఆ మధ్యాహ్నం సాహితిని జెమీమా ఇంట్లో ఉంచింది ఆమని. అతను వంటింట్లో కాఫీ తాగుతూ చుట్టూ చూశాడు.

"సూట్‌కేసులేవీ?"

"సర్దలేదండీ. మేం రావట్లేదు."

"మళ్ళీ చెప్పు."

"ఆ ఇంట్లో బాత్రూంకి గొళ్ళెం లేదు."

త్రినాథ్ పడీ పడీ నవ్వాడు. "గొళ్ళెం కోసం ఆస్ట్రేలియా మానేస్తావటే? నలుగురూ వింటే ఉమ్మేస్తారు!"

నవ్వు పూర్తికాకుండానే చెయ్యి లేచింది. నెలల తరబడి ఎండ తాగిన చెయ్యి. దాని బరువేమీ తగ్గలేదు. ఆమని తల అలమర తలుపుకి కొట్టుకుంది, లోపల గ్లాసులు గలగలమన్నాయి. రెండో దెబ్బ పెదవి మీద. మూడోదానికి చేతులడ్డం పెడితే, వాటిని వెనక్కి విరిచి డొక్కలో తన్నాడు. నోట్లో రక్తం ఉప్పగా తగిలింది. ఆమె అతని చెయ్యి కొరికి, విడిపించుకుని మెట్లెక్కింది.

గొళ్ళెం వేసుకుంది. ఈసారి ఏడవడానికి కూర్చోలేదు. పోలీసుల కోసం తొమ్మిదులు మూడూ నొక్కి, "మై హస్బెండ్ ఈజ్ బీటింగ్ మీ," అని అడ్రసు చెప్పింది. బయట అతను చెప్పుతో, భుజంతో, మళ్ళీ చెప్పుతో తలుపుని బాదుతున్నాడు. ఇన్నేళ్ళు నిలబడ్డ ఇత్తడి ముక్క మరలతో సహా ఊడి స్నానపు తొట్టిలో పడింది. అతను జుట్టు పట్టుకుని ఆమెను గడప మీదకి ఈడ్చాడు. వాష్‌బేసిన్ కింద పడ్డ ఫోన్లోంచి ఎవరో ఆడమనిషి, "స్టే విత్ మీ, లవ్. దే ఆర్ నియర్లీ దేర్," అంటూనే ఉంది.

ఆ గొంతు విని త్రినాథ్ పట్టు వదిలాడు.

గార్డ్స్, అంటే అక్కడి పోలీసులు, వచ్చేసరికి చొక్కా సర్దుకుని తలుపు తీశాడు. "ఎవ్రీథింగ్ ఈజ్ గ్రాండ్, గార్డ్. చిన్న ఫ్యామిలీ మేటర్." వచ్చినవాళ్ళలో ఒకామె అతన్ని దాటి, మెట్లమీద చేతులతో పాకుతూ దిగుతున్న ఆమనిని చూసింది. అతన్ని తీసుకెళ్ళేటప్పుడు వీధిలో అతను తెలుగులోనే తిట్టాడు. ఆ వీధిలో అది అర్థమయ్యేది జెమీమాకీ, ఆమె కిటికీలో నిలబడ్డ సాహితికీ మాత్రమే.

మర్నాడు అత్లోన్‌లో ఎండ కాసింది. స్టేషన్లో వాంగ్మూలం ఇవ్వాలి. ఆమని సంచిలోంచి గుంటూరు కుర్తాల్లో పసుపుపచ్చది తీసి తొడుక్కుంది. భుజాల కిందినుంచి మణికట్టు దాకా నీలం, ఊదా, పాతబడి నలుపు తిరిగిన మచ్చలు.

జెమీమా కారు తాళాలు పట్టుకుని వచ్చి ఆగిపోయింది. "కోటివ్వనా అక్కా?"

"వద్దు. నడిచే వెళ్దాం."

సాహితి తల్లి చేతులకేసి చాలాసేపు చూసింది. "మామ్, ఎవ్రీవన్ విల్ సీ."

"చూడనీ అమ్మా," అంది ఆమని.

షానన్ నది వంతెన మీద శనివారపు జనం ఐస్‌క్రీములు తింటూ నిలబడ్డారు. ఆమని వాళ్ళ మధ్యనుంచి, చేతులు ఊపుకుంటూ నడిచింది.