మోచేతి మడత

"మొహం చూడొద్దే, పరిమళా. మొహానికి పౌడరు కొట్టింటారు. కాఫీ ఇచ్చేటప్పుడు మోచేతి మడత చూడు. అసలు కలరు ఆడుంటాది," అంది మా అత్త మారియమ్మ, బస్సు సూళగిరి దాటుతుండగా. మా మరిది మోహన్‌రాజ్‌కు పిల్లను చూడటానికి కుందారపల్లి పోతున్నాం. ముందు ఆడవాళ్ళు చూసి సరేనంటే, తర్వాతే అబ్బాయి.

ఈ పాఠం నాకు కొత్త కాదు, నా మీద నేర్చుకున్నదే. పదకొండేళ్ళ క్రితం నన్ను చూడటానికి వచ్చేసరికి పొద్దు పోయింది, ట్యూబ్‌లైటు వెలుగులో నేను ఉన్నదానికంటే తెల్లగా కనబడ్డానట. పెళ్ళయిన మర్నాడు వాకిట్లో ముగ్గు వేస్తుంటే, "లైటు మోసం చేసేసింది" అని అత్త మా ఆడబిడ్డతో అన్న మాట నాకు బాగానే వినబడింది. మా ఆయన తిలక్ మంచివాడే, చెయ్యెత్తడు, తాగడు. ఫోటో తీసేటప్పుడు మాత్రం, "నీడలో నిలబడొద్దు పరిమళా, పళ్ళు తప్ప ఏమీ పడవు" అంటాడు. అందరూ నవ్వుతారు. నేనూ నవ్వాను. నవ్వి, ఎవరో చెప్పిన క్రీము తెచ్చుకుని దొంగతనంగా పూసుకున్నాను. బుగ్గలు కాలి తోలు లేచిపోతే, వారం రోజులు మొహానికి చున్నీ చుట్టుకుని పనికి పోయాను.

పని అంటే హోసూరు దగ్గర గులాబీల షెడ్డులో గ్రేడింగు. కాడ పొడవు, మొగ్గ సైజు, రేకు మీద మచ్చ, అన్నీ ఒక్క చూపులో చూసి, పనికిరానివి పక్కన పడేస్తాను. "మా కోడలి కన్ను తప్పదు" అని అత్త ఊరంతా చెప్పుకునేది. నేను వండింది, ఉతికింది, షిఫ్టు నుంచి వచ్చి ఆమె కాళ్ళు పిసికింది ఎవరికీ కనబడలేదు గానీ, ఈ ఒక్కదానికి మెచ్చుకోలు దొరికింది. దానికోసం నేను ఎగబడ్డాను. బంధువుల్లో ఎవరికి సంబంధం చూడాలన్నా నన్నే తీసుకుపోయేవాళ్ళు. తిరిగొచ్చి నేను ఒక్క మాట అనేదాన్ని: "సుమారు." మా వైపు సుమారంటే అంకెల్లో వాడే మాట కాదు, అంతంతమాత్రం అని. తిట్టినట్టుండదు, సంబంధం మాత్రం అక్కడికి ఆగిపోతుంది. అలా ఎంతమందిని అన్నానో కూడా నాకు లెక్క లేదు. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది. అప్పుడు మాత్రం గర్వంగానే ఉండేది.

కుందారపల్లిలో వాళ్ళ ఇంటికి పోగానే అత్త, "లోపల ఉడుకమ్మా, ఈడే కూర్చుంటాం" అని ఎండ పడే వాకిట్లో చాప వేయించింది. ఎందుకో నాకు తెలుసు. పిల్ల పేరు చిత్ర. ఆమె తల్లితో అత్త మాటల్లో పడింది. అంతలో చిత్ర వాళ్ళక్క నీళ్ళ చెంబు తెచ్చింది. మే నెల ఎండలో మణికట్టు దాకా చేతులున్న జాకెట్టు తొడుక్కుంది. చెంబు ఇస్తూ నా దగ్గర ఆగింది.

"గుర్తు పట్టలేదా అక్కా? నేను తమిళ్‌సెల్విని. మూడేండ్ల కిందట మీ చిన్నత్త కొడుక్కు నన్ను చూసేదానికి వచ్చినారు. అప్పుడు మేము ఊత్తంగరైలో ఉంటిమి."

నేను చెంబు అందుకున్నాను.

"సుమారన్నారంట. మూడో దినమే మాకు తెలిసిపోయింది. అప్పుట్నుంచి ఈ చేతులు ఎవురికీ చూపించలేదు." కోపం లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండేది. ఎంత ఆలోచించినా ఆమె మొహం నాకు గుర్తుకు రాలేదు. ఎలా వస్తుంది, ఆ రోజు నేను చూసింది మొహం కాదు కదా.

చిత్ర కాఫీ తెచ్చింది. గ్లాసు అందిస్తూ చెయ్యి చాచింది. ఈసారి నేను మొహమే చూశాను. ఇరవై నాలుగేళ్ళుంటాయి. పరీక్ష ఫలితం చూసుకునే పిల్లలా నా కళ్ళనే చూస్తోంది. అత్త నా తొడ మీద గిల్లి, "ఏమే, ఎట్లుంది?" అంది.

బాగుంది అనొచ్చు. నోటి దాకా వచ్చింది కూడా. కానీ బాగుందన్నా అది నేను చెప్పే తీర్పే. ఈ పిల్లను కూడా నేనే గ్రేడు చేసినట్టు. నాకు నా మీదే అసహ్యం వేసింది. గ్లాసు కింద పెట్టాను.

"తమిళ్‌సెల్వీ, ఆ పొద్దు నీ గురించి ఆ మాట అనింది నేనే. తప్పు చేసినాను," అన్నాను, వాకిట్లో అందరికీ వినబడేలా. తర్వాత చిత్ర వైపు తిరిగాను. "మా మోహన్‌రాజ్ ఫోటో చూసినావు కదమ్మా. వాడు నీకు నచ్చినాడా?"

"పిల్లను పోయి అడుగుతారా ఎవురన్నా!" అంది అత్త. చిత్ర తల్లి చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

చిత్ర వాళ్ళక్కను చూసింది. తర్వాత నన్ను చూసి, "నచ్చలేదక్కా," అంది.

అత్త విసురుగా లేచి చెప్పుల్లో కాళ్ళు పెట్టింది. "ఇంకెప్పుడూ నిన్ను పిలుచుకొని రాను," అంది.

"రానత్తా," అన్నాను. "పిలిచినా రాను."