తెరమీద అక్క గౌను

కొత్త బట్టల్ని పాడుచెయ్యడం నా వృత్తి. సినిమాల్లో పేదవాళ్లు, సైనికులు, శవాలు వేసుకునే బట్టలు దర్జీ దగ్గర్నుంచి తళతళలాడుతూ వస్తాయి. వాటిని గరుకు కాగితంతో రుద్ది, టీ నీళ్లలో నానబెట్టి, ఇనప బ్రష్షుతో గీకి, పదేళ్లు వాడినట్టు చేస్తాను. ఆ పనిలో నా అంతటివాడు లేడని నాకు నేనే చెప్పుకుంటూ తిరిగేవాణ్ణి. ఇప్పుడు చెప్పబోయేది మాత్రం తలెత్తుకుని చెప్పే సంగతి కాదు.

మా డైరెక్టరుకి చిన్నపిల్లల కథల్ని పెద్దవాళ్లు జడుసుకునేలా తియ్యడం పిచ్చి. ఈసారి సవతి తల్లి ఇంట్లో పొయ్యి పక్కన పడుకునే పిల్ల కథ పట్టుకున్నాడు. ఇందులో కాపాడటానికి ఏ దేవతా రాదు. రాజకుమారుడు పెళ్లికూతుళ్ల నెత్తురు తాగే రకం. పిల్ల ఇనప ఊచ పుచ్చుకుని కోట మొత్తాన్ని చక్కబెట్టేస్తుంది. కథ సంగతెలా ఉన్నా, సినిమా అంతా హీరోయిన్ ఒంటిమీద ఉండేది ఒకటే పాత గౌను. దాన్ని తయారుచెయ్యడం నా వంతు.

ఐదు చేసి చూపించాను. ఐదూ విసిరికొట్టాడు.

"చిరిగింది సరే, ఎవరైనా తొడుక్కున్నట్టుందా? ఇందులో మనిషేదయ్యా?" అన్నాడు.

ఒళ్లు మండిపోయి ఇంటికొచ్చాను. అమ్మానాన్న పోయాక నన్ను పెంచింది అక్కే. లాండ్రీలో ఇస్త్రీ పని చేస్తుంది. ఇప్పటికీ ఇద్దరం ఒకే ఇంట్లో ఉంటాం. ఆ పూట తను పనిలో ఉంది. తన అలమర తెరిస్తే అడుగు అరలో, తెల్ల కాగితంలో చుట్టిపెట్టిన లేతనీలం గౌను కనబడింది. నేను బడికెళ్లిన పదేళ్లూ అక్క బయటికి వేసుకెళ్లడానికి ఉన్నది అదొక్కటే. భుజాలు వెలిసిపోయాయి, చంకల దగ్గర అతుకులు పడ్డాయి, అంచు మూడుసార్లు మడిచి కుట్టి ఉంది. మాదిరి చూసుకుని సాయంత్రానికల్లా తెచ్చి పెట్టేద్దామనుకున్నాను. అది దొంగతనమని అప్పుడు తోచలేదు.

డైరెక్టరు దాన్ని నా చేతిలోంచి లాక్కున్నాడు.

"ఇదీ! దరిద్రమంటే ఇలా ఉండాలి. ఎక్కడ పట్టావయ్యా?"

మా అక్కదండీ అంటే అయిపోయేది. "నేనే చేశానండీ" అన్నాను. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. నేను సిగ్గులేకుండా నవ్వుతూ నిలబడ్డాను.

పరుగులకీ దెబ్బలాటలకీ దాని నకళ్లు నాలుగు చేశాను. దగ్గరగా తీసే షాట్లన్నిటికీ అక్క గౌనే. చివర్లో హీరోయిన్ ఆ గౌను విప్పి మంటలో పడేస్తుంది. అక్కడికి నకలు పంపితే డైరెక్టరు ఒప్పుకోలేదు, అసలుదే కావాలన్నాడు. అప్పుడైనా నోరు విప్పొచ్చు. విప్పితే అన్నాళ్లూ అందుకున్న పొగడ్తలన్నీ నావి కావని తేలిపోతుంది. నేనే స్వయంగా తెచ్చి ఇచ్చాను. రెండు నిమిషాల్లో కాలిపోయింది.

కొన్నాళ్లకి అక్క దానికోసం వెతకడం మొదలుపెట్టింది. "ఇక్కడే పెట్టాన్రా, కాళ్లొచ్చి నడిచెళ్లిందా?" అంటూ అలమరలో ఉన్నదంతా కింద పోసింది. నేను కూడా మంచం కింద దూరి వెతికాను. ఒళ్లంతా దుమ్ముతో బయటికొస్తే, "పోన్లే, నీకెందుకురా శ్రమ" అని తన చేత్తో నా తల దులిపింది.

సినిమా పూర్తయ్యాక, పనిచేసినవాళ్లకీ వాళ్ల ఇంటివాళ్లకీ ఒక ఉదయం ఆట వేశారు. అక్కని ఆపడానికి శాయశక్తులా ప్రయత్నించాను. ఇస్త్రీ బల్లమీద వేలమంది బట్టలు చూసిన మనిషి, కుట్టు చూసి ఎవరి చొక్కానో చెప్పేస్తుంది.

"తలకాయలు తెగిపడతాయక్కా. నీకు పడదు."

"తెరమీద నీ పేరు పడుతుంటే ఎవడి తలకాయ తెగితే నాకేంటి?" అంది.

గౌను మొదటిసారి కనబడగానే అక్క ముందుకు వంగి చూసింది. తర్వాత మెల్లగా వెనక్కి ఆనుకుంది. సవతి చెల్లెళ్లు ఆ గౌను పట్టి లాగుతూ "అడుక్కుతినేదానిలా ఉన్నావే" అని నవ్వితే హాల్లోవాళ్లూ నవ్వారు. మంటలో పడ్డప్పుడు ఈలలేశారు. నేను నా బూట్లు చూసుకుంటూ కూర్చున్నాను. భూమి చీలి మింగేస్తే బావుండుననిపించింది.

బయటికి వస్తుంటే హీరోయిన్ ఎదురొచ్చింది. మంచి పిల్ల.

"ఆ గౌను వేసుకుంటే నటించక్కర్లేకపోయిందండీ, ఏడుపు దానంతటదే వచ్చేది. ఎలా చేశారసలు?"

అక్క నా పక్కనే ఉంది. నేను టీ నీళ్ల గురించి మొదలుపెట్టాను. గరుకు కాగితం గురించి చెప్పాను. చంకల దగ్గర అతుకులు ఎలా వేశానో కూడా చెప్పాను.

"మావాడికి చిన్నప్పట్నుంచీ చేతిపని బాగా వచ్చమ్మా" అంది అక్క.

నన్ను కాపాడింది. దానికన్నా అందరిముందూ చెంప పగలగొట్టినా బావుండేది.

బస్టాపులో మేమిద్దరమే ఉన్నాం. "అక్కా, అదీ..." అని ఏదో అనబోయాను.

"మంచం కింద మాత్రం బాగా వెతికావురా" అంది.

తర్వాత తనే అడిగింది. "మీ బడికి అది వేసుకునేగా వచ్చేదాన్ని. అప్పుడు కూడా అందరికీ ఇందాకటిలాగే కనబడ్డానా?"

నేను బస్సొచ్చే వైపు చూశాను.

"గేటు దగ్గరే ఉండక్కా, ఎండలో లోపలిదాకా నడవొద్దు అనేవాడివి. నామీద ఎంత ప్రేమో అని లాండ్రీలో అందరికీ చెప్పుకునేదాన్ని. ఎండ కోసం కాదన్నమాట."

అప్పుడు నాకు తొమ్మిదేళ్లో పదేళ్లో. ఎండ గురించి నాకే బెంగా లేదు. క్లాసువాళ్లు ఆవిణ్ణి చూస్తారనే బెంగ. క్షమించమని అడగాలనుకున్నాను గానీ నోట్లోంచి "కాదక్కా" అని మాత్రమే వచ్చింది.

అక్క తలూపింది. ఈ ఆట కోసమే కొనుక్కున్న ఆకుపచ్చ గౌను వేసుకుని ఉంది. ఒకసారి కిందికి చూసుకుని మడతలు సర్దుకుంది.

"మరి ఇదైనా బాగుందా?" అంది.

"బాగుందక్కా" అన్నాను. నిజంగానే బాగుంది. అక్క చాలాసేపు నా మొహంలోకి చూసింది. నమ్మలేదు.