మంచాల మీది దుప్పట్లు

ఆసుపత్రి లాండ్రీలో దుప్పటి మడత పెట్టాలంటే ఇద్దరు కావాలి. చెరో రెండు మూలలు పట్టుకుని లాగాలి, విదిలించాలి, ఎదురెదురుగా నడిచి మూలలు కలపాలి. రోజుకి మూడు వందల సార్లు ఆమె తన ఆడపడుచుకి ఎదురు నడిచేది, వేళ్ళు తగిలేంత దగ్గరికి వచ్చేది, మళ్ళీ వెనక్కి జరిగేది. పొదుపు బ్యాంకు మూతపడి ఐదు నెలలైంది. ఆ ఐదు నెలల్లో ఆడపడుచు నోటి నుంచి "పట్టు", "వదులు" తప్ప ఇంకో మాట రాలేదు.

బ్యాంకు మునగడంలో తప్పు ఎవరిదో తేలితే ఆ నోరు పెగులుతుందని ఆమె ఆశ. అందుకే అర్థశాస్త్రం మొదలుపెట్టింది.

మొగుడు పోయాక, యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్న మనిషి. మనవరాలు పరీక్ష గట్టెక్కి అటక మీద పడేసిన పుస్తకం దించుకుంది. భోజనాల వేళ సబ్బు డబ్బా మీద కూర్చుని, అక్షరాల కింద వేలు పెట్టి చదివేది. వేలు ముందుకు పోయేది, అర్థం మాత్రం మొండి గాడిదలా కదిలేది కాదు. 'ద్రవ్యోల్బణం' అన్న ఒక్క మాట దాటడానికే రెండు రోజులు పట్టింది.

"ఏం మంత్రిగారూ, బడ్జెట్ ఎంతదాకా వచ్చింది?" అనేవాడు మిషన్లు నడిపే ఆయన.

"పద్దెనిమిదో పేజీలో ఆగింది. నీ జీతం పెంచే పేజీ ఇంకా రాలేదు."

ఆడపడుచుకి వినిపించేది. నవ్వేది కాదు.

బ్యాంకు మూతపడినప్పుడు జరిగింది ఇది. ఒక ఉదయం పనికి వస్తుంటే బ్యాంకు ముందు వరస కనిపించింది. మందులకైనా నీళ్ళకైనా, వరస కనిపిస్తే ముందు నిలబడి తర్వాత ఎందుకని అడగడం ఆమెకి బతుకు నేర్పిన అలవాటు. కౌంటరు దాకా వచ్చాక తెలిసింది, అందరూ డబ్బు తీసేసుకుంటున్నారని. నలుగురితో నారాయణ అని తనూ ఉన్నదంతా తీసేసుకుంది. లాండ్రీలోకి వస్తూనే, "పరిగెత్తండి, మీది మీరు తెచ్చుకోండి" అని కేకేసింది. ఆడపడుచు తప్ప అక్కడ పనిచేసే పదకొండు మందీ ఉన్నపళాన పరిగెత్తారు. ఆమె డబ్బు దాచుకోవడానికి ఇంటికి పోయింది. వార్డులకి దుప్పట్లు అందాలి కదా అని ఆడపడుచు ఒక్కతే ఉండిపోయింది. రెండు మూలలు తలుపు కొక్కేనికి తగిలించి ఒంటరిగా మడతలు పెట్టింది. అన్నీ పంపించి వెళ్ళేసరికి షట్టరు దించేశారు. ఇరవై ఆరేళ్ళ పొదుపు లోపలే ఉండిపోయింది. భుజాలు అరిగిపోయిన మనిషి, ఆ డబ్బు చూసుకుని ఈ ఏడాదితో పని మానేద్దామనుకుంది.

జనమే కంగారుపడి మంచి బ్యాంకుని ముంచారని రేడియోలో మంత్రి అన్నాడు. మంత్రి మనుషులే తిన్నారని అవతలి పార్టీ అంది. ఎవరు మాట్లాడుతుంటే వాళ్ళదే నిజమనిపించేది. రేడియో కట్టేస్తే ఇద్దరిదీ కాదనిపించేది.

ఒక సోమవారం ఆసుపత్రికి తనిఖీ వాళ్ళు వచ్చారు. అన్ని వార్డుల వాళ్ళూ ఒక్కసారే వచ్చి ఉతికిన దుప్పట్లు కావాలన్నారు. అరగంటలో స్టోరు గది ఖాళీ.

"ఇన్ని దుప్పట్లు ఎవరెత్తుకుపోయారు?" అని పెద్ద నర్సు గొంతు చించుకుంది.

"ఎవరూ ఎత్తుకుపోలేదమ్మా. మంచాల మీదున్నాయి" అన్న ఆమె, అన్నాక అలాగే నిలబడిపోయింది. నలభై మూడో పేజీలో నెల రోజులుగా అర్థం కానిది ఇదే. మెల్లగా పుస్తకం తీసి మళ్ళీ చదివింది. ఖాళీ అయిన స్టోరులో అడుగు అరలో చినిగిన దుప్పట్ల కట్టొకటే మిగిలింది. రిజిస్టర్లో అవీ మంచివాటి కిందే ఉన్నాయి.

మర్నాడు మడతల దగ్గర నోరు విప్పింది.

"వదినా, నాకు తెలిసింది. మన డబ్బు బ్యాంకులో ఉండదు, మంచాల మీది దుప్పట్లలాగా అప్పుల్లో తిరుగుతుంటుంది. అందరం ఒకేసారి వెళ్తే ఇవ్వలేరు. మనవాళ్ళని పరిగెత్తమన్నది నేనే. అంతవరకు మంత్రి చెప్పింది నిజం. కానీ మంత్రి మనుషులకి ఇచ్చిన అప్పులు తిరిగిరానివి, చినిగిన దుప్పట్లలాంటివి. మంచివని రాసుకున్నారు. మనం కదలకపోయినా ఏదో ఒకనాడు బయటపడేవి."

ఆడపడుచు ఇంకో నాలుగు దుప్పట్లు మడత పెట్టించింది.

"ఇంతకీ తప్పులో నీ వంతు ఎంత తేలింది?"

"సగానికి తక్కువే ఉంటుంది."

"బ్యాంకు సంగతి నిన్ను నేనెప్పుడైనా అడిగానా మరదలా?" గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "ఆ రోజు నీ డబ్బు నీ చేతికొచ్చింది. 'నువ్వెళ్ళు వదినా, ఈ దుప్పట్లు నేను చూస్తా' అని ఒక్క మాట అనలేదు. అది ఏ పేజీలో ఉంది?"

ఆమెకి ఇన్నాళ్ళ చదువూ చేతిలో తడిగుడ్డలా బరువెక్కింది.

"దాచుకోవడానికి ఇంటికి పోయాను" అంది.

"తెలుసు. కిటికీలోంచి చూశాను."

"నాదాంట్లో సగం నీకిస్తాను."

"ఇవ్వు. వద్దనే ఓపిక నాకు లేదు." ఆడపడుచు ఇంకో దుప్పటి తీసింది. "సగంతో పనైతే మానలేను. వచ్చే ఏడాదీ నీ మొహమే చూడాలి."

"నాకు మాత్రం?"

"పట్టు."

ఆడపడుచు చేతులు రొమ్ము ఎత్తు దాటి లేవడం లేదు. ఆమె తన చేతులు ఆ ఎత్తుకి దించుకుంది. దుప్పటి నేలకి తగలకుండా కాస్త గట్టిగా లాగి, ఎదురు నడిచింది.